కబురు శివారు నుంచి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అందరికీ తెలుసు. అందుకే నా దరఖాస్తు రెండోసారి వెనక్కి వచ్చినప్పుడు వారం రోజులు స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

డెల్టా కాలువల మీద గేట్లు ఎత్తి, దించి నీళ్లు పంచే లస్కర్ల చరిత్ర రాయాలని నా కోరిక. దానికి ప్రాంతీయ అధ్యయనాల గ్రాంటు కావాలి. నలభై ఐదేళ్లు నిండినవాళ్లకి అది ఇవ్వరు. నాకు వచ్చే జనవరికి నిండుతాయి. ఈసారి రాకపోతే ఇక రాదు. వెనక్కి పంపిన రెండుసార్లూ ఒకే మాట రాశారు: "పరిధి మరీ పెద్దది, పని పూర్తవుతుందన్న నమ్మకం లేదు." నేనేమో పరిధి తగ్గించడం మానేసి వాళ్లని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మూడోసారి స్థానికుల సమ్మతి పత్రం కూడా జత చెయ్యమన్నారు. రిటైరైన లస్కరు ఆమోసు గారి సంతకం కోసం అవనిగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో కోడూరు వెళ్లాను. గడువు ఇంకా నాలుగు రోజులుంది. సంతకం పెట్టించుకుని మధ్యాహ్నం బస్సుకి వచ్చేద్దామనుకున్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు గానీ పెన్ను ముట్టుకోలేదు.

"ఏం రాశారో చదవండమ్మా. తెలుసుకోకండా సంతకం ఎట్టా పెడతాను?"

చదివాను. బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో లాకూ ఒక్కో గేటూ చూసుకుంటూ రెండేళ్లలో సముద్రం దాకా వస్తానని రాశాను. ఆయన వింటూ వింటూ నవ్వేశారు.

"మీ బెజవాడోళ్లందరికీ ఇదే జబ్బండి. కాలవంటే బ్యారేజీ కాడి నుంచే చూస్తారు."

"మరెక్కడి నుంచి చూడాలండీ?" కాస్త గట్టిగానే అన్నాను.

ఆయన పట్టించుకోలేదు. "పైనుంచి వస్తే మా దాకా రారమ్మా. నీళ్లే రావు, మీరేం వస్తారు? వంతులేసినప్పుడు కాలవ చివర్నుండే శివారు చేలకి నీళ్లెక్కినియ్యని నేను కబురు జేస్తేనే పై లస్కరు వాళ్ల రైతులకి తూము తీసేవోడు. ఎక్కలేదనుకోండి, చివరి చేను కాడి నుంచి కాలవ గట్టెంట ఎనక్కి నడుసుకుంటా పోయేవోణ్ణి. ఎక్కడ ఆగినియ్యో, అసలు సంగతంతా అక్కడే ఉండేది."

కోపం ఎటు పోయిందో తెలీదు. రెండేళ్లుగా నేను తిట్టుకుంటున్న కమిటీవాళ్ల మాటే నిజమని తెలిసింది. ఆ మధ్యాహ్నం బస్సు వదిలేశాను. ఆయన భార్య దానమ్మ గారు పెట్టిన చేపల పులుసు అన్నం తిని, వాళ్ల అరుగు మీదే కూర్చుని అంతా తిరగరాశాను. ఒకే కాలువ. కోడూరు శివారులో మొదలై, నీళ్లు ఆగిన చోటు దాకా వెనక్కి. ఆమోసు గారు పక్కన కూర్చుని ఊళ్ల వరస సరిచేస్తూ, అన్నీ అయ్యాక సంతకం పెట్టారు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కమిటీ పెద్దాయన, "ఈ పద్ధతి బాగుంది, ఎవరిది?" అన్నారు.

"ఆమోసు గారిదండి."

"ఏ యూనివర్సిటీ?"

"ముప్పై ఆరేళ్లు కాలువ గట్టు మీద పనిచేశారండి."

ఆయన తల వంచి ఆ పేరు రాసుకోవడం స్క్రీన్ మీద కనిపించింది.

నవంబరులో ఒక ఉదయం మెయిల్ వచ్చింది. మంజూరైంది. ప్రిన్సిపాల్ గారి గది పక్కనే. ఆటోనగర్ షాపులో మావారు ఈ కబురు కోసమే ఫోన్ చేతిలో పట్టుకుని ఉంటారు. ఎవరికీ చెప్పలేదు. సెలవు చీటీ పెట్టి అవనిగడ్డ బస్సెక్కాను.

ఆమోసు గారు గేదెకి గడ్డి వేస్తున్నారు.

"వచ్చిందండీ," అన్నాను. "మీరు ఆ రోజు సంతకం పెట్టేసి పంపించేసి ఉంటే, మూడోసారీ పోయేది." ఏడుపొచ్చేసింది.

"ఫోన్ చేస్తే పోయేది గదమ్మా, ఇంత దూరం ఎందుకు? కాలేజీలో ఏవన్నారు?"

"వాళ్లకి ఇంకా తెలీదండి. మా ఇంట్లో కూడా తెలీదు. ముందు మీకే."

ఆయన గడ్డి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఫోను వైపు చెయ్యి చాపారు. మావారికి కలిపి ఇచ్చాను.

"అయ్యా, ఆమోసునండి, కోడూరు నుంచి," అన్నారు గొంతు సవరించుకుని. "శివారుకి నీళ్లెక్కినియ్యండి."