ముల్లు దిగిన మధ్యాహ్నం

నేను ఒక బారోమీటరును. గుండ్రటి ఇత్తడి డబ్బా, పైన అద్దం, లోపల సన్నటి ముల్లు. తుఫాను దగ్గరపడి గాలి ఒత్తిడి తగ్గితే నా ముల్లు ఎడమకు దిగుతుంది. కలకత్తాలో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టి, సరుకుల ఓడలో ఊళ్ళు తిరిగి, ఆ ఓడను ముక్కలు చేసి అమ్మేశాక పాత సామాన్ల కొట్టుకు చేరాను. శ్రీకాకుళం వైపు ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పే కూర్మనాథం మాస్టారు నన్ను చంటిపిల్లలా పొదివి పట్టుకుని ఇంటికి తెచ్చారు.

నన్ను చదవడం ఆయన ఇద్దరికి నేర్పారు. ఒకరు కూతురు సుభాషిణి, మరొకరు బస్సు కండక్టరు కూతురు నూకరత్నం. కూతురు సరిగ్గా చెబితే మాస్టారు తలాడించేవారు. రత్నం చెబితే మాత్రం, "కాఫీ తాగి వెళ్ళమ్మా" అనేవారు. ఆ కాఫీ కలిపి తేవలసింది సుభాషిణే.

ఇద్దరూ వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి నగరం వెళ్ళారు. ఒకే గదిలో దిగి, రెండు మంచాల మధ్య గోడకు నన్ను తగిలించారు. ఒత్తిడి సమానంగా ఉన్న ఊళ్ళను కలుపుతూ పటాల మీద గీతలు గీసేవారు. సుభాషిణి గీతలు ముగ్గులా ఉండేవి. రత్నం గీతలు వంకరటింకర, అయినా తుఫాను అవి చూపించిన చోటికే వచ్చేది.

వాతావరణ ఆఫీసు ఉద్యోగానికి ఇద్దరూ ఇంటర్వ్యూకి వెళ్ళారు. రత్నానికి వచ్చింది. సుభాషిణి ఆమెను కౌగిలించుకుని, వీధంతా మిఠాయి పంచి, గదిలోకొచ్చి నన్ను గోడవైపు తిప్పేసింది. మనుషులు ఎవరి మీద కోపాన్ని ఎవరి మీద చూపిస్తారో నాకు అప్పటికే కొంత తెలుసు.

ఆమెకు గుల్లపేట హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం దొరికింది. సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. తండ్రిని, నన్ను వెంట తెచ్చుకుంది. తుఫాను కాలం వస్తే చాలు, టీవీలో హెచ్చరికలు చెబుతూ రత్నం కనబడేది. సుభాషిణి ఆమె మాట వినబడకుండా చేసి చీర మాత్రం చూసేది. తర్వాత నా దగ్గరకొచ్చి అద్దం మీద వేలితో కొట్టి, రత్నం ఎక్కడ తప్పుతుందా అని వెతికేది.

ఒక ఏడు రత్నం తప్పింది. తుఫాను మన తీరానికే వస్తుందంటే గుల్లపేట ఊరు ఊరంతా తుఫాను షెల్టరులో పడిగాపులు పడింది. తుఫాను ఒరిస్సా వైపు తిరిగిపోయింది. చేపల రేవు దగ్గర సుభాషిణి నవ్వుతూ అంది. "టీవీలో చెప్పేవన్నీ నమ్మేస్తే ఎలాగండీ. ఆవిడ సంగతి నాకు తెలీదా, నాతో చదువుకున్నదే."

ఆ రోజు ఇంట్లో పాయసం వండింది. మాస్టారు గిన్నె ముట్టుకోలేదు. "తుఫాను రాలేదని వండావా, రత్నం తప్పిందని వండావా?" అని అడిగారు. ఆమె ఆయన గిన్నె తీసి లోపలికి పట్టుకెళ్ళింది.

మరుసటి ఏడు రత్నం మళ్ళీ హెచ్చరించింది. ఈసారి గుల్లపేట కదల్లేదు. ఆకాశం తేటగా ఉంది, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకుంటున్నారు. మధ్యాహ్నం సుభాషిణి నా వైపు చూసింది. అద్దం మీద కొట్టింది. నా ముల్లు దిగింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. ఇంకా దిగింది. నా ముందే నిలబడి పెదవి కొరుక్కుంది. రత్నం చెప్పింది నిజం.

గోడ మీంచి నన్ను ఊడబెరికి, చంకలో పెట్టుకుని రేవుకు పరిగెత్తింది. అందరూ మాట వినే ముసలామె మైలపల్లి ఎర్రమ్మ వల బాగుచేసుకుంటోంది.

"షెల్టరుకు పదండి ఎర్రమ్మా. తుఫాను ఇక్కడికే వస్తోంది."

"పోయినేడు నువ్వే గదమ్మా నమ్మొద్దన్నావు? ఆ యమ్మ సంగతి నాకు తెల్దా అన్నావు."

చుట్టూ జనం చేరారు. సుభాషిణి నన్ను వాళ్ళ ముందు ఎత్తి పట్టుకుంది. దిగిన ముల్లును వేలితో చూపించింది.

"అన్నాను. ఆ ఉద్యోగం నాకు రాలేదని కడుపుమంటతో అన్నాను. అది నాకంటే బాగా చదివింది. ఇప్పుడూ దాని మాటే నిజం. లేవండి."

ఎర్రమ్మ వల పక్కన పడేసి లేచింది. "ఇంత సిగ్గిడిసి సెప్తందంటే నిజమే అయ్యుంటాదిరా. పిల్లల్నెత్తండి" అంది.

తుఫాను పూరిళ్ళనూ పడవలనూ నమిలేసింది. మనుషులు మిగిలారు. షెల్టరు మెట్ల మీద తోపులాటలో నేను జారిపడితే అద్దం పగిలి ముల్లు బిగుసుకుపోయింది.

నీళ్ళు తగ్గాక రత్నం వచ్చింది. ఊరు ఆమెకు దండ వేసింది. "నీ మాటే బతికించిందమ్మా" అని ఎర్రమ్మ ఆమె చేతులు పట్టుకుంది. సుభాషిణి వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎంత బరువో నాకు తెలుసు.

తర్వాత సుభాషిణి ఇంటికొచ్చి రత్నం నన్ను చేతిలోకి తీసుకుంది. "మా ఆఫీసులో పాత పరికరాల గది పెడుతున్నాం సుభా. మాస్టారి పేరు రాసి దీన్ని అద్దాల బీరువాలో పెడతాను, ఇస్తావా?"

అద్దాల బీరువా అనగానే నాకు ఆశ పుట్టింది. మాస్టారు కూతురి వైపు చూశారు.

"ఇవ్వను" అంది సుభాషిణి.

"పాడైపోయింది కదే, ఏం చేసుకుంటావు?"

"ఏమీ చేసుకోను. ఉద్యోగం నీకు, దండ నీకు. నాన్న కాఫీ కూడా నీకే. ఇది నాది."

రత్నం నన్ను బల్ల మీద పెట్టింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మరోసారి నా వైపు తిరిగి చూసింది. తన దగ్గరున్నదాని కోసం రత్నం ఆశపడటం సుభాషిణి మొదటిసారి చూసింది. ఆ పూట అన్నం మారు వడ్డించుకుని తిన్నది.