డాలర్ గుర్తు వచ్చేదాకా

నాకు రాత వచ్చి అయిదేళ్లే అయింది. ఒత్తుల దగ్గర చెయ్యి ఇంకా తడబడుతుంది. ఈ కాస్తా రాయడానికి పదహారు రోజులు పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇది మా సందులో ఉండే నూకరత్నం సంగతి. సాయంత్రం బడిలో ఇద్దరం ఒకేసారి పలక పట్టాం.

నూకరత్నం రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు ఊడుస్తుంది. సాయంత్రం మిషన్లన్నీ కట్టేయడం కూడా ఆమె పనే. ఆ మంగళవారం మూలనున్న మిషను తెర నల్లగా ఉంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. తెల్లటి అక్షరాల వరస ఒకటి కదలకుండా నిలబడి ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని స్విచ్ నొక్కేసింది.

మర్నాడు దీవెన ఆ మిషను ముందు మొహం కప్పుకుని కూర్చుంది. ఆ పిల్లది ఆఖరి సంవత్సరం. పాత తెలుగు పుస్తకాల పేజీలు చదివేలా మిషనుకు అక్షరాలు నేర్పుతోంది. సోమవారం సార్లకు చూపించాలి. మంగళవారం పొద్దున్నే మొదలెట్టిన పాఠం మధ్యలోనే పోయింది.

“నేనే కట్టేశానమ్మా” అంది నూకరత్నం.

ల్యాబ్ అసిస్టెంటు చంద్రరావు విన్నాడు. “ఇక నుంచి మిషన్లు నేను కడతాను. నువ్వు నేల చూసుకో” అన్నాడు.

దీవెన కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. “సోమవారం పొద్దుటికి అవుద్ది పిన్నీ. ఇంకోసారి ఆగితే మాత్రం ఈ ఏడు పోయినట్టే.”

“అక్షరాలు రావడానికి దానికి అయిదు రోజులేనా? నాకు మూడేళ్లు పట్టింది. దానికి పొయ్యీ చీపురూ లేవు కదా.”

దీవెనకు నవ్వొచ్చింది.

“ఈసారి నాకు సరిగ్గా చెప్పమ్మా. ఈ నల్లదేంటి?”

“ఈ నల్ల కిటికీ టెర్మినల్. అక్షరాలు కనపడే పలక, అంతే. దీని వెనకాల షెల్ అని ఒకడుంటాడు. మనం రాసింది చదివి పని చేయించేది వాడే. మనం రాసేదాన్ని కమాండ్ అంటారు. వాడు ఖాళీ అయితే డాలర్ గుర్తు పెడతాడు, పక్కన చిన్న గీత మిణుకుతుంది. అది ప్రాంప్ట్. చెప్పండి, వింటున్నాను అని.”

“మరి చంద్రరావు గారు కన్సోల్ అంటారేంటి?”

“పూర్వం పెద్ద మిషనుకే బిగించి ఉండే తెరా, మీటలూ కలిపి కన్సోల్. ఇప్పుడు ఏ నల్ల తెరనైనా అలాగే అనేస్తున్నారు.”

“ఆ గుర్తు లేకపోతే?”

“పనిలో ఉన్నట్టు. అప్పుడు కిటికీ మూస్తే వాడూ పోతాడు, చేయించే పనీ పోద్ది.”

నూకరత్నం చీపురు గోడకి ఆనించింది. “మా ఆయన గోదాట్లో వల దించాక గట్టు మీంచి ఎంత పిలిచినా పలికేవాడు కాదు. వల లాగేశాక గడకి తువ్వాలు కట్టేవాడు. అది చూశాకే నేను తట్ట పట్టుకుని దిగేదాన్ని.”

“అదే పిన్నీ. ఆ తువ్వాలే ప్రాంప్టు.”

శుక్రవారం సాయంత్రం దీవెన పరీక్షలో ఉంది. చంద్రరావు ఒక్కొక్క మిషనూ కట్టుకుంటూ మూలకి వచ్చాడు. “ఈ కన్సోలు బిగుసుకుపోయింది. గంట నుంచీ ఇదే లైను” అంటూ మౌసు మీద చెయ్యి వేశాడు.

“ఆగండి సార్. తువ్వాలు కట్టలేదు.”

“ఏంటి?”

“డాలర్ గుర్తు రాలేదండి. షెల్లు పనిలో ఉన్నాడు. టెర్మినల్ మూస్తే అంతా పోద్దండి.”

“ఇప్పుడు నాకు నువ్వు పాఠం చెప్తావా?”

 నూకరత్నం బొడ్లోంచి చీటీ తీసింది. అందులో పెన్సిలుతో అంకెలున్నాయి. “పొద్దున వచ్చినప్పుడు ఆ లైను చివర మూడు వేల వంద ఉందండి. మధ్యాహ్నం మూడు వేల రెండొందలు. ఇప్పుడు మూడు వేల మూడొందలు. నిదానంగా పోతోంది గానీ ఆగలేదండి.”

చంద్రరావు చీటీ చూశాడు, తెర చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపటికి కింద కొత్త లైను పడింది. దాని చివర మూడు వేల నాలుగు వందలు.

మౌసు మీంచి చెయ్యి తీశాడు. “కట్టొద్దు అని రాసి దీనికి అంటించు. నీ చేత్తోనే రాయి.”

ఆమె రాసింది. ‘ట్టొ’ కాస్త పెద్దదైంది.

సోమవారం పొద్దున తెర మీద డాలర్ గుర్తు ఉంది. పక్కన గీత మిణుకుతోంది. దీవెన ఒక పాత పేజీ పెట్టి కమాండ్ కొట్టింది. పేజీలోని అక్షరాలన్నీ క్షణంలో తెర మీదకు దిగాయి. నూకరత్నం దగ్గరికి జరిగి, వేలు పెట్టుకుని మొదటి లైను చదవసాగింది. దీవెన ఏ మీటా నొక్కలేదు. అడుగున గీత కూడా అలాగే మిణుకుతూ కనిపెట్టుకుని ఉంది.

సుబ్బాయమ్మ
అరవై నాలుగేళ్లు
ఇప్పుడు ఉండేది ధవళేశ్వరం