నవోమి సిస్టం

రోజారమణి కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. బోగోలు దగ్గర సముద్రానికి ఆనుకున్న పల్లె ఆమెది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయడానికని కొన్న ఆ కంప్యూటర్లోనే ఆన్‌లైన్ ఆటలు నేర్చుకుంది. ఆటలోనే నవోమి పరిచయమైంది. నెల్లూరు దగ్గరి సంగం ఊళ్ళో ఉండే నవోమిని ఆమె ఎన్నడూ కళ్ళారా చూడలేదు. అయినా కొన్నేళ్ళుగా సాయంత్రాలు హెడ్‌సెట్ తగిలించుకుని ఇద్దరూ ఆ ఆటలోని మంచుకొండల మధ్య ఒక కోట కట్టుకుంటూ వచ్చారు. రాళ్ళు మోస్తూ, తోడేళ్ళను తరుముతూ, ఇంట్లో చెప్పుకోలేనివన్నీ అక్కడే చెప్పుకునేవారు.

కంప్యూటర్ ఆగాక ఫోనులో మాట్లాడబోతే ఇద్దరికీ మాటలు దొరికేవి కావు.

"గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరిపోద్దో, మొత్తం మార్చాల్నో తెలీడం లేదు," అంది రోజారమణి ఒకరోజు.

"నెల్లూరు తీసుకురా అక్కా. మా చర్చి సంజీవరావు అంకుల్‌కి అక్కడ రిపేరు షాపుంది. నేనూ వస్తా."

రోజారమణి సీపీయూని పాత చీరలో చుట్టి బయలుదేరుతుంటే తల్లి మాలకొండమ్మ నవ్వింది. "చంటిబిడ్డను ఎత్తుకపోయినట్టు పోతా ఉండావే!"

షాపు ముందు కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి అమ్మాయి నిలబడి ఉంది. ఆ అమ్మాయి "రోజక్కా?" అన్నాక గానీ రోజారమణి గుర్తుపట్టలేదు. గొంతు విన్నాక ఇక సందేహం లేదు. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

సంజీవరావు సీపీయూ పక్క రేకు ఊడదీసి, టార్చి వేసి చూశాడు. బోర్డు అంచుల వెంట పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఉప్పుగాలి తినేసిందమ్మా. కొత్త కార్డేసినా ఈ బోర్డు నిలబడదు. దీని మీద ఇంక డబ్బులు పెట్టబాక. వేరేది చూసుకో."

రోజారమణి ఆ చిలుమును వేలితో గీకి చూసింది.

"నా సిస్టం తీసుకో అక్కా," అంది నవోమి. "పొద్దున్నే తెచ్చి ఇక్కడ పెట్టినా."

"మరి నీకు?"

నవోమి తల వంచుకుంది. "వేలూరులో నర్సు ఉద్యోగమొచ్చింది. హాస్టల్లో ఉండాల. అక్కడ ఇయన్నీ పెట్టుకోనీరంట. నీకెట్ట చెప్పాల్నో తెలీక ఇన్నాళ్ళూ చెప్పలా."

"నీది నాకిచ్చేస్తే నేనెవురితో ఆడాల?"

సంజీవరావు పాత డిస్కు ఊడదీసి, వీడియోలు పోకుండా నవోమి సిస్టంలో బిగిస్తూ కూర్చున్నాడు.

బస్టాండు దగ్గర ఇద్దరూ కారం దోసెలు తిన్నారు. "నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావని నాకు తెలీదక్కా," అంది నవోమి. ఇంకెన్ని తెలియవో అనుకుంది రోజారమణి. అంతలో ఆమె ఎక్కాల్సిన కావలి బస్సు వచ్చేసింది.

ఇంటికొచ్చి సిస్టం ఆన్ చేసింది. పాతదానికంటే ఎంతో చురుగ్గా ఉంది. ఆట నవోమి పేరుతోనే తెరుచుకుంది. పక్కన స్నేహితుల వరసలో ఒకే పేరు. అది తనదే. రోజారమణి అని ఉండాల్సిన చోట నవోమి ఎప్పుడో "సముద్రం అక్క" అని రాసుకుంది. దానికింద సన్నటి అక్షరాలతో "ప్రస్తుతం లేరు" అని ఉంది.

తన కంప్యూటర్ ఆగినప్పటి నుంచి ఇన్ని సాయంత్రాలూ నవోమి ఈ మాటనే చూస్తూ కూర్చుందన్నమాట. రోజారమణి వెంటనే ఫోను చేసింది.

"నీ పేరు మీదనే తెరుచుకుంది నవోమీ. తీసేయనా?"

అవతల పెట్టె సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"వద్దులే అక్కా, ఉండనీ. ఊరికే అట్ట నడువు. ఏం కనపడతా ఉందో చెప్పు."

రోజారమణి ఫోను స్పీకర్లో పెట్టి, నవోమి బొమ్మను మెల్లగా కోట వైపు నడిపించింది.

"మంచు పడతా ఉంది," అంది.

"ఇంకా?" అంది నవోమి.