ఇది రాసుకోకమ్మా

దగ్గు వినబడింది. ఆయన కుండలీకరణాల్లో ‘దగ్గు’ అని టైపు కొట్టి, మళ్లీ చెవులు రిక్కించాడు. కుర్చీ కిర్రుమంది. అదీ కొట్టాడు. రికార్డు చేసిన ఇంటర్వ్యూల్లో మాటలే కాదు, నిట్టూర్పు కూడా వదలకూడదని పరిశోధకురాలు మొదటిరోజే చెప్పింది.

విద్యా పరిశోధన విభాగంలో మెట్లకింద ఉన్న గది ఆయనది. కిటికీ లేదు. పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు నొక్కుకుని చెవుల చుట్టూ ఎర్రటి చారలు పడ్డాయి. అందరికీ ఆయన ‘చెవుల బాబాయి’. “లోకంలో వాళ్లందరి గోడూ వింటారు, నేను చెప్పింది మాత్రం చెవికెక్కదు” అని భార్య దెప్పేది. అదీ నిజమే. ఇంటికి వెళ్లేసరికి ఆయనకి ఎవరి మాటా వినే ఓపిక ఉండేది కాదు.

చేరిన కొత్తలో పని వేరు. అప్పటి పెద్దసారు కొలవలేనిదేదీ జ్ఞానం కాదనేవాడు. బాబాయి ఏళ్ల తరబడి పట్టికలు కొట్టాడు. పిల్లలంతా శాతాలే. బడి మానేసినవాళ్లు ఇంతమంది, పరీక్ష తప్పినవాళ్లు ఇంతమంది. తర్వాత కాలం మారింది. మనిషి తన బతుకును ఎలా చెప్పుకుంటాడో అందులోనే సత్యం ఉందని కొత్తవాళ్లు అన్నారు. కాగితాల్లోకి మనుషులు తిరిగొచ్చినట్టనిపించి బాబాయి లోలోపల సంబరపడ్డాడు.

ఆవేళ వింటున్నది ఒక రిటైరైన పంతులమ్మ గొంతు. పిల్లలు బడి ఎందుకు మానేస్తారన్నది పరిశోధన. పంతులమ్మ చాలాసేపు ఇంట్లో ఇబ్బందులనీ, దూరాభారమనీ అందరూ చెప్పేవే చెప్పింది. ఉన్నట్టుండి ఆగింది. బాబాయి ‘మౌనం’ అని కొట్టాడు.

“అది ఆపెయ్యమ్మా. ఇది రాసుకోకమ్మా. నీకు చెప్తున్నా, నీ పుస్తకానికి కాదు.”

“ఆపేశానండీ” అంది పరిశోధకురాలి గొంతు.

ఆపితే ఆమె రికార్డరు కీచుమని చిన్నగా కూస్తుంది. ఆ కూత బాబాయికి కంఠతా వచ్చు. అది వినబడలేదు. పంతులమ్మ మాత్రం నమ్మేసి చెప్పుకుపోయింది.

ఒక పిల్లకి చదవడం వచ్చేది కాదట. తనే రోజూ దాన్ని బెంచీ ఎక్కించి, మొద్దు అని క్లాసందరి చేతా అనిపించేదట. ఒకరోజు ఆ పిల్ల రాలేదు. మరి రానేలేదు. “మొన్నామధ్య హోటల్లో బల్ల తుడుస్తూ కనపడింది. నన్ను చూసి, టీచర్‌గారూ బాగున్నారా అని పరిగెత్తుకొచ్చిందమ్మా. తిట్టినా బాగుండేది.” ఆ తర్వాత వచ్చిన చప్పుడుని ఏమని కొట్టాలో బాబాయికి తోచలేదు. చేతులు మీటల మీంచి తీసేశాడు. అంకెలు ఏనాడూ ఆపెయ్యమని అడగలేదు.

మధ్యాహ్నం పరిశోధకురాలు హడావిడిగా మెట్లు దిగి వచ్చింది. వేలెడంత రికార్డరు బల్లమీద పెట్టి, “ఇందులో ఇంకో ఇంటర్వ్యూ ఉంది బాబాయిగారూ, పంతులమ్మగారి దాని తర్వాత. మీకిచ్చిన ఆవిడ కాపీ అయిందా?” అంది.

“సగమయింది. నువ్వు ఆపలేదు కదమ్మా?”

ఆమె ముఖం ఎర్రబడింది. “ఆపుదామనే వేలు పెట్టాను. ఆవిడ మొదలుపెట్టేసింది. నొక్కలేకపోయాను. పేరు రాయను. హోటలు కూడా మార్చేస్తాను. ఆవిడని ఎవరు గుర్తుపడతారు?”

“ఆవిడే గుర్తుపడుతుంది.”

“ఇది రాయకపోతే రేపు ఇంకో టీచరు ఇంకో పిల్లని అలాగే నిలబెడుతుంది. ఆ పాపం ఎవరిది బాబాయిగారూ?”

బాబాయి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. “పోనీ ఆవిడనే అడుగు తల్లీ. ఒక్కమాట అడిగి చూడు.”

ఆమె అక్కడే నిలబడి ఫోను చేసింది. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఈమె రెండుసార్లు “ఎప్పుడండీ?” అంది. ఫోను పెట్టేసి గోడకి ఆనుకుంది.

“నిన్న పొద్దున్న పోయారట. నిద్రలోనేనట. కోడలు చెప్పింది.”

బాబాయి మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె తాగలేదు. దారి తప్పిన చిన్నపిల్లలా చూసి, “ఇప్పుడెవర్ని అడగను?” అంది. ఆమె సంచీ భుజాన వేసుకుని మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయింది.

బాబాయి మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ‘నీ పుస్తకానికి కాదు’ దాకా విని ఆపి, ఆ తర్వాత కొట్టిందంతా చెరిపేశాడు. ఇన్నేళ్లలో ఎవరి దగ్గునీ వదలని మనిషి. ఆఖరికి కొట్టాడు: ‘ఇక్కడ రికార్డింగు ఆపేశారు.’

ఆ చేత్తో కొట్టిన మొదటి అబద్ధం అది. చచ్చిపోయిన మనిషి పరువు కోసమో, మాట తప్పిన ఈ అమ్మాయిని కాపాడ్డానికో ఆయనకే తెలియలేదు. గుండె తేలికపడుతుందేమోనని చూశాడు. పడలేదు. బల్లలు తుడిచే ఆ పిల్ల కళ్లముందు నిలబడింది. ఒకసారి బడిలోంచి పోయింది, ఇప్పుడు కాగితంలోంచీ పోయింది. ఈసారి పంపేసింది తనే.

కావాలంటే ఆ అమ్మాయి రేపొచ్చి తనే విని రాసుకోవచ్చు. రాసుకుంటుందేమో. రాసుకోవాలనే తనకీ ఓ మూల ఉందేమో.

వేళ కాకముందే లేచి, చొక్కా సర్దుకుని, దీపం ఆర్పబోతూ వెనక్కి తిరిగి చూశాడు. తాగని నీళ్లగ్లాసు పక్కన, ఆమె తీసుకెళ్లడం మరిచిపోయిందో కావాలనే వదిలేసిందో, వేలెడంత నల్లటి రికార్డరు పడి ఉంది, పంతులమ్మ గొంతంతా లోపల పెట్టుకుని.