మొండయ్య చెయ్యి వణకలే

గోదావరిఖని బొగ్గుబాయి సర్వే ఆఫీసుల మొండయ్య ఇరవై ఆరేండ్ల సంది మ్యాపులు గీస్తుండు. బాయి లోపల ఏ సొరంగం ఎటు పోయిందో, ఏడ నీళ్లు నిలిచినయో కాయితం మీద చూపెట్టుడు ఆయన పని. వెంట్రుకంత సన్నటి గీతను కూడా ఊపిరి బిగబట్టి ఒక్క దెబ్బకు గీస్తడని ఆయనకు పేరు.

తొంభై మూడుల ఆఫీసుకు కంప్యూటరొస్తే, గీ వయసుల నాకెందుకని ఆయన అనలే. అందరికంటే ముందు నేర్చుకున్నడు. నల్ల తెర మీద డాస్ కమాండ్లు కొట్టి, మౌస్ తోటి సొరంగాలు గీసుడు నాలుగేండ్లల్ల చేతికి పట్టుబడ్డది.

తొంభై ఏడు ఎండకాలంల హైదరాబాదు నుంచి జలపతిరావు అనే కంప్యూటర్ ఇంజనీరు వచ్చి, డాస్ తీసి విండోస్ ఎక్కించి పోయిండు. తెర రంగురంగులైంది. మొండయ్య పరేషాన్ గాడికెళ్లే షురువైంది.

తెర మీది బాణం చెప్పినట్టు వింటలేదు. గీత కొస మీద ఆపుదామంటే దాటి పోతది. ఎన్కకు తెద్దామంటే ఇవతలికి దూకుతది. మొండయ్య మౌస్ కిందిమూత తిప్పి, గోలీని తీసి, గుడ్డతోటి తుడిచిండు. కిందేసే మెత్తను మార్చిండు. పక్క టేబుల్ కాడి మౌస్ తెచ్చి పెట్టిండు. ఏం చేసినా గదే కథ.

"ఏందన్నా, దాని తోటి కొట్లాడుతున్నవు?" అని అనసూర్య నవ్వింది. ఆమె ట్రేసర్. మొండయ్య గీసిన మ్యాపు మీద పల్చటి ట్రేసింగ్ కాయితం పరిచి, ఇంకుతోటి నకలు తీస్తది. పదేండ్ల సంది ఇద్దరివీ పక్కపక్క టేబుళ్లే.

"కొట్లాట గాదమ్మా. గిది నా మాట వింటలేదు."

అసలు ఫికర్ వేరే ఉన్నది. పాత బాయిల నీళ్లు నిండి ఉన్నయి. దాని పక్కపొంటి కొత్త సొరంగం తవ్వాలె. నడుమ బొగ్గు గోడ ఎంత మందమున్నదో చూపెట్టే మ్యాపు సోమవారం మీటింగుకు కావాలె. పాత కాయితం మీది వంకరలన్నీ చూసి చూసి కంప్యూటర్ల గీయాలె. గీత ఇటైనా అటైనా కింద పని చేసేటోళ్ల పానాలతోటి ముచ్చట.

బుధవారం సర్వే ఆఫీసర్ సీతారాంరావు వచ్చి, ప్రింటు తీసిన ముక్కను చేతుల పట్టుకొని చూసిండు. గోడ అంచు రంపం పండ్ల లెక్క ఉన్నది.

"మొండయ్యా," అన్నడు మెల్లగ, "చెయ్యేమన్న వణుకుతుందా? యాభై దాటినంక అందరికీ ఉండేదే. దవాఖానల చూపెట్టుకో. గిట్లనే ఉంటే మ్యాపు ఇంకెవరికన్న ఇస్త."

మంచితనంతోనే అన్నడు. మొండయ్యకు మాత్రం గుండెల రాయి పడ్డట్టైంది.

ఇంటికి పోయి చెంబుల నీళ్లు అంచుదాక నింపి, చెయ్యి చాపి పట్టుకొని, వంటింట్ల నుంచి గడపదాక నడిచిండు. మల్ల ఎన్కకు నడిచిండు. ఆయన భార్య సత్తవ్వ రొట్టెలు చేసుడు ఆపి చూసింది.

"ఏందయ్యా గీ ఆట? ఏమన్న మొక్కు మొక్కినవా?"

"నేల మీద చుక్క పడ్డదా చూడు."

సత్తవ్వ వంగి చూసింది. "పడలే."

"సూది తే. దారం తే."

అద్దాలు పెట్టుకొని ఒక్కసారికే దారం ఎక్కించిండు. రెండో సూదికీ ఎక్కించిండు. మూడోదానికీ ఎక్కించినంక సత్తవ్వ సంగతి అడిగింది. ఆయన చెప్పిండు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకొని పకపక నవ్వింది.

"చెయ్యి మంచిగనే ఉండె గదా! అయితే తప్పు దానిదే. నాకు గీ మూడు సూదులకు పని లేకపాయె. చిరిగిన చద్దరున్నది, జర కుట్టు."

మొండయ్య నిజంగనే కుట్టిండు. కుట్టుకుంట కుట్టుకుంట ఆలోచన చేసిండు. చెయ్యి ఎంత పోయింది, బాణం ఎంత పోయింది? కొలిస్తే అయిపాయె గదా!

తెల్లారి ఆఫీసుకు పోంగనే టేబుల్ మీద స్కేలు అతికించిండు. అనసూర్యను పిలిచి, ట్రేసింగ్ కాయితాన్ని తెర అద్దం మీద అంటించుమన్నడు. పల్చటి కాయితం ఎన్క నుంచి బాణం మంచిగ కనబడుతుంది.

"నేను మౌస్‌ను స్కేలు పొంటి ఒక్క అంగుళం జరుపుత. బాణం ఏడ ఆగితే ఆడ పెన్సిల్ చుక్క పెట్టు."

మెల్లగ జరిపిండు. బాణం మూడంగుళాలు పోయింది. మల్ల మెల్లగ జరిపిండు. మూడే. మూడోసారి గుంజినట్టు తొందరగ జరిపిండు. చెయ్యి పోయింది అంగుళమే, బాణం ఆరంగుళాలు ఉరికింది.

అనసూర్య పెన్సిల్ గాలిల ఆగిపాయె. "అన్నా! తొందరగ జరిపితే ఎక్కువ పోతుంది!"

"ఇంకోసారి చూద్దాం," అన్నడు మొండయ్య. గొంతుల సంబురం ఆపుకుంటుండు.

ఇరవై సార్లు చూసిండ్రు. అనసూర్య చుక్కల పక్కన అంకెలేసి, మెల్లగ జరిపినవి ఒక దిక్కు, తొందరగ జరిపినవి ఒక దిక్కు రాసింది. ఫోన్ చేపిస్తే జలపతిరావు శుక్రవారం పొద్దున బస్సుల దిగిండు.

"కొత్తల అందరికీ గట్లనే అనిపిస్తది, అలవాటైతది," అనుకుంటనే లోపలికొచ్చిండు. మొండయ్య చుక్కల కాయితాన్ని ఆయన ముందు పరిచిండు.

జలపతిరావు చదివిండు. కుర్చీ గుంజుకొని కూసుండి మల్ల చదివిండు. తర్వాత పెద్దగ నవ్విండు.

"ఎన్ని ఆఫీసులు తిరిగిన! అందరూ మౌస్ పాడైందనే అన్నరు. కొలిచినోళ్లను మాత్రం ఇయ్యాల్నే చూసిన. తప్పు నాదే సార్. చెయ్యి ఉరికితే బాణం ఇంకింత ఉరికేటట్టు దీంట్ల ఒక ఏర్పాటున్నది. చిట్టీలు రాసేటోళ్లకు అక్కరకొస్తది. మ్యాపులు గీసేటోళ్లకు ఒద్దు. నేనే తీసేసి పోవాల్సి ఉండె."

కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మౌస్ బొమ్మ నొక్కి, వేగం గుర్తును ఎడమ కొసకు జరిపిండు. "ఇగ చూడుండ్రి."

మొండయ్య స్కేలు పొంటి మెల్లగ జరిపిండు. తొందరగ జరిపిండు. చుక్క మీద చుక్క పడ్డది. అనసూర్య చప్పట్లు కొట్టింది. మొండయ్య పాత బాయి గోడ అంచును పట్టుకొని, వంక వంకా తిరుక్కుంట కొసదాక పోయి ఆపిండు. ఆపిన కాడ్నే ఆగింది.

"అబ్బ!" అన్నడు. కండ్లు తడైతే అద్దాలు తీసి తుడుచుకున్నడు. "అనసూర్యా, నువ్వు కూసో. నువ్వొకటి గియ్యి."

"నాకు రాదన్నా!"

"వస్తది, కూసో."

ఆమె భయం భయంగ ఒక సొరంగం గీసింది. అది సక్కగ వచ్చేసరికి, మల్లొకటి గీసింది. లేవుమన్నా లేవలే.

శనివారం మాపటికి మ్యాపు అయిపాయె. సీతారాంరావు ప్రింటు మీద భూతద్దం పెట్టి గోడ పొడుగూతా చూసి, భూతద్దం కింద పెట్టిండు. "నేనన్నదే తప్పు మొండయ్యా," అన్నడు అందరి ముందట. సోమవారం మీటింగుల ఆ మ్యాపు చూసే సొరంగాన్ని ఇంకో పది గజాలు పాత బాయికి దూరంగ జరపాలని ఒప్పుకున్నరు.

జలపతిరావు శుక్రవారం పోయేముందే ఆ చుక్కల కాయితం హైదరాబాదుల తనోళ్లకు చూపెడుతనని అడిగిండు. అసలుది ఇయ్యనన్నడు మొండయ్య. అనసూర్య నకలు తీసింది. మ్యాపుకు పెట్టినట్టే కింద మూలకు డబ్బా గీసి, కొలిచినోళ్లు మొండయ్య, ట్రేసింగ్ అనసూర్య అని ఇంకుతోటి రాసింది. సరిచూసినోళ్లు అన్న కాడ జాగ విడిచి, పెన్ను జలపతిరావు చేతికిచ్చింది. ఆయన నవ్వుకుంట దస్తకత్ చేసిండు.