సైడ్‌బోర్డు మీద మ్యూజియం

మ్యూజియం కాపలాదారుకి సెలవు దొరికినా కాపలా బుద్ధి పోలేదు. పొద్దున్నే భోజనాల గదిలో కంచాలు దాచుకునే సైడ్‌బోర్డు మీద పూలకూజా, ఇత్తడి గుర్రం, మామగారిచ్చిన ఆగిపోయిన గడియారం ఒద్దికగా సర్దాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. అంతటితో ఊరుకున్నాడా? "చూడ్డానికి మాత్రమే. ముట్టుకోరాదు" అని చీటీ రాసి ముందర నిలబెట్టాడు.

భార్య అది చదివి బుద్ధిగా తలూపి వంటింట్లోకి వెళ్ళింది. అదే ప్రమాదమని ఆ మహానుభావుడికి తట్టలేదు.

మధ్యాహ్నం ఆకలితో నకనకలాడుతూ వచ్చి కూర్చుంటే ఎదురుగా కంచం లేదు.

"కంచమేదే?"

"సైడ్‌బోర్డులో ఉంది. తలుపు లాగితే మీ గుర్రం అదురుతుందని ముట్టుకోలేదు."

సణుక్కుంటూ లేచి తనే తెచ్చుకున్నాడు. తిరిగొచ్చేసరికి కూరగిన్నెకి ఆనించి, ఆవిడ దస్తూరీలో ఇంకో చీటీ ఉంది.

"ఇదీ చూడ్డానికే."