ఏ లోటూ లేదు

మా అమ్మాయికి అమెరికా కాలేజీ ఇవ్వాల్సిన సాయం మా అక్క వల్లే పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

నేను కార్ల సీట్లు కుడతాను. అద్దె షెడ్డు, కుట్టుమిషను, రెక్సిన్ చుట్టలు, స్పాంజి. ఊరి బడిలో నేర్చుకున్నదే నా చదువు. ఇంగ్లీషు రాదు. అమ్మాయికి వచ్చు. తల్లి పోయాక ఆ పిల్ల పుస్తకాల్లోంచి తల ఎత్తలేదు. స్కూలు చివరి ఏడాదిలో ఒకరోజు, అమెరికాలో ఒక కాలేజీ తనను తీసుకునేటట్టుందని చెప్పింది.

"డబ్బో?" అన్నాను.

"మనం కట్టగలిగింది మనం కడతాం. మిగతాది వాళ్ళే ఇస్తారు."

"అప్పుగానా?"

"కాదు నాన్నా, ఊరికే."

"ఊరికే ఎందుకిస్తారు?"

"మన దగ్గర లేదు కాబట్టి."

నాకు తల తిరిగింది. లేదంటే తలుపు వేసుకునేవాళ్ళనే నేను చూశాను. లేదన్నందుకు తలుపు తీసేవాళ్ళు ఉంటారని ఎప్పుడూ వినలేదు. అయినా అడిగిన కాగితాలన్నీ ఇచ్చాను. బయటిదేశాల పిల్లలకని పక్కన పెట్టే డబ్బు కొంచెమేనట. అడిగేవాళ్ళు బోలెడుమందట. సాయం వస్తేనే చదువు, రాకపోతే లేదు. అంతవరకు అర్థమైంది.

"వాళ్ళు నీకొకసారి ఫోన్ చేస్తారు నాన్నా. ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడితే ఫోన్ నాకిచ్చెయ్. నేను లేకపోతే తర్వాత చెయ్యమను. నువ్వు మాత్రం ఏం మాట్లాడకు."

ఇంగ్లీషు వినబడితే మాట్లాడకూడదు. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకున్నాను.

ఇక మా అక్క. నా భార్య పోయి ఏడాది తిరక్కముందే నాకు సంబంధాలు చూడడం మొదలుపెట్టింది. "ఇంట్లో ఆడమనిషి లేని లోటు నీకు తెలీదురా, చూసేవాళ్ళకి తెలుస్తుంది" అనేది. లోటు, లోటు. ఎప్పుడొచ్చినా అదే మాట. ఆ రోజు పొద్దున్నే షెడ్డుకొచ్చి, నేను సగం కుట్టిన సీటు మీద కూర్చుంది.

"ఒరే తమ్ముడూ, ఇవాళ నీకొకావిడ ఫోన్ చేస్తుంది. కాస్త మనిషిలా మాట్లాడు."

"ఎవరావిడ?"

"చదువుకున్నావిడ. మొగుడు పోయాడు. నీలా మొహం మాడ్చుక్కూర్చోలేదు, ఉద్యోగం చేసుకుంటోంది."

"నాకెందుకు చెప్తున్నావు?"

"నీ మిషనుకి చెప్తున్నా. నీకంటే అదే నయం, తొక్కితే పలుకుతుంది."

"లే. స్పాంజి నలుగుతోంది."

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పక్క షెడ్డులో డోరు సొట్టలు తీస్తూ రేకు బాదుతున్నారు. ఆడగొంతు. తెలుగు. మర్యాదగా, కొంచెం పుస్తకంలా ఉంది. మొదట ఏదో పేరు చెప్పింది. ఆ చప్పుడులో అది ఊరి పేరో ఇంటిపేరో తెలియలేదు.

"మీ కుటుంబం గురించి కొన్ని వివరాలు కావాలండీ. ఇబ్బంది లేదు కదా?"

"అడగండి."

వయసు అడిగింది. ఆరోగ్యం బాగుంటుందా, పని చేసుకోగలుగుతున్నారా అని అడిగింది. దుక్కలా ఉన్నానన్నాను. సొంతిల్లా అద్దెయిల్లా అంది. అద్దె అన్నాను.

"అమ్మాయి వాళ్ళమ్మగారు..."

"పోయింది."

"అయ్యో." అంది. "మరి ఇప్పుడు మీ ఇంట్లో లోటు ఎంతవరకు ఉందో చెబితే, మా వైపు నుంచి పూడ్చడానికి చూస్తామండీ."

అచ్చంగా మా అక్క మాట. నేర్పించి మరీ పంపింది అనుకున్నాను.

"లోటా? ఏ లోటూ లేదు."

"అంటే, మీ ఇద్దరికీ అన్నీ సరిపోతున్నాయా?"

"బ్రహ్మాండంగా."

"అమ్మాయి మా దగ్గరికి వచ్చేస్తే, ఇక్కడ మీ ఒక్కరి ఖర్చే ఉంటుంది కదండీ. అప్పుడు..."

ఇంకా ఇంట్లో కాలు పెట్టలేదు, అప్పుడే నా పిల్లను తనవాళ్ళింటికి పంపించే ఏర్పాట్లు. నాకు ఒళ్ళు మండింది.

"చూడండమ్మా. నా పిల్లను నేను చూసుకోగలను. నాకెవరి సాయమూ అక్కర్లేదు."

"సాయం వద్దంటున్నారా?"

"వద్దు."

"అలాగే రాసుకోమంటారా?"

"రాసుకోండి. కావాలంటే కింద గీత కూడా గీసుకోండి."

ఆవిడ నా సమయానికి ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. సంబంధం మాట్లాడడానికొచ్చి ధన్యవాదాలేమిటో అర్థం కాలేదు. సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పినావిడకి గట్టిగా చెప్పాను."

"ఎవరికిరా? ఆవిడ మనసు మార్చుకుంది. ఫోన్ చెయ్యనంది."

"మరి నాతో మాట్లాడిందెవరు?"

"నాకేం తెలుసు? నీతో మాట్లాడే ధైర్యం ఎవరికుంది?"

అక్క అబద్ధమాడుతోందనుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత కాలేజీ జవాబొచ్చింది. సీటిచ్చారు, సాయం ఇవ్వలేదు. అమ్మాయి చదివింది, మళ్ళీ చదివింది, నావైపు చూసింది.

"సాయం అవసరం లేదని మీ నాన్నగారు చెప్పారు అని రాశారు. ఎవరితో చెప్పావు నాన్నా?"

"నాతో ఎవరూ ఇంగ్లీషులో మాట్లాడలేదు."

"తెలుగులో?"

నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

"నీకు ఇబ్బంది కాకూడదని తెలుగు తెలిసినావిడతో ఫోన్ చేయించినట్టున్నారు నాన్నా," అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

మర్నాడే అమ్మాయి నాచేత కాలేజీవాళ్ళతో మళ్ళీ మాట్లాడించింది. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద పెట్టింది. ఎవరూ పిలవకుండానే అక్క కూడా వచ్చి కూర్చుంది. అటు ఒక మగగొంతు ఇంగ్లీషులో ఏదో అంటోంది, అదే ఆడగొంతు తెలుగులో చెబుతోంది.

"అప్పుడు లోటు లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు. ఏది నిజమని సారు అడుగుతున్నారండీ."

నేను ఫోన్ వంక చూశాను.

"చెప్పు నాన్నా."

"మీరు వేరే మనిషనుకున్నాను."

"ఎవరనుకున్నారండీ?"

"పెళ్ళిసంబంధం."

"అమ్మాయికా?"

"నాకు."

అక్క చెంగు నోట్లో కుక్కుకుంది. అటుపక్క ఆవిడ అది ఇంగ్లీషులో చెప్పింది. మగగొంతు నవ్వలేదు. మెల్లగా, చాలాసేపు మాట్లాడింది. అది వింటూ అమ్మాయి కళ్ళు దించుకుంది. ఆవిడ తెలుగులో చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

"మీ మాట నమ్ముతున్నామంటున్నారండీ. కానీ ఈ ఏడాది బయటి విద్యార్థులకిచ్చే డబ్బు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. చాలా బాధగా ఉందంటున్నారు."

నమ్మారు, ఇవ్వలేదు. అబద్ధం చెబితే రాసుకున్నారు, నిజం చెబితే బాధపడ్డారు. ఇదేం లెక్కో నాకు తెలియదు.

"వాడికి మనిషిలా మాట్లాడమని ముందే చెప్పాను," అంది అక్క.

ఆ రోజు నుంచి అక్కతో నాకు మాటల్లేవు.

అమ్మాయి ఇప్పుడు నాతోనే షెడ్డులో ఉంటోంది. సీట్ల కొలతలు తీస్తుంది, రెక్సిన్ కత్తిరిస్తుంది. పోయినవారం ఇంకో కాలేజీకి మళ్ళీ దరఖాస్తు పెట్టానని చెప్పింది.

"ఈసారి ఫోన్ అత్తకి వస్తుంది నాన్నా. తన నంబరిచ్చాను."

"నాది ఇవ్వలేదే?"

"ఎవరు మాట్లాడుతున్నారని అత్త కనీసం అడుగుతుంది."

కత్తెర పెట్టి మళ్ళీ టేపు తీసుకుంది. నేను మిషను తొక్కాను.

పరాయి మనిషి ఫోన్ చేసి, భార్య పోయిన ఇంట్లో లోటెంత అని అడిగితే ఏమని చెప్పాలి? ఉందనాలా, లేదనాలా? ఉందంటే కొలిచి చెప్పాలా? అమ్మాయిని అడిగితే ఒకటి చెబుతుంది, పక్క షెడ్డువాడు ఇంకొకటి చెబుతాడు. నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు.

తప్పు మా అక్కది. ఈ సంగతి నా దగ్గర ఇంకెవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను.